ఊరి పేజీలో ప్యాకేజీ లింకు: వికీపీడియాలో పర్యాటక వాణిజ్య లింకుల గొడవలపై తరచుగా అడిగే ప్రశ్నలు

గుళ్లు, కోటలు, జలపాతాలు, గుహల గురించి తెలుగు వికీపీడియాలో రాసేవాళ్ల కోసం ఈ పేజీ. ఆ వ్యాసాల్లో తమ ట్రావెల్స్ లింకో రిసార్టు లింకో పెట్టి, అది పోయేసరికి బాధపడ్డవాళ్ల కోసం కూడా. ఇరువైపులవాళ్లూ నన్ను చాలాసార్లు అడిగిన ప్రశ్నలే ఇవి. కొన్నిటికి నియమం ఉంది, అది చెప్పాను. కొన్నిటికి నియమం లేదు, అక్కడ నా అభిప్రాయం చెప్పాను.

నేను పెట్టిన లింకు పది నిమిషాల్లో మాయమైంది. ఎవరు తీశారు?

పేజీ పైన ఉన్న ‘చరిత్ర’ నొక్కండి. ఎవరు, ఎన్ని గంటలకు తీశారో వరుసగా కనిపిస్తుంది. పక్కనే దిద్దుబాటు సారాంశం ఉంటుంది, చాలాసార్లు ‘ప్రచార లింకు తొలగించాను’ అని రాసి ఉంటుంది. తీసింది నిర్వాహకులే కానక్కర్లేదు. ‘ఇటీవలి మార్పులు’ పేజీ చూస్తూ కూర్చునే మామూలు వాడుకరులు ఉంటారు. ఉద్యోగం చేసుకుని ఇంటికొచ్చి, అన్నం తిన్నాక ఓ గంట ఈ పనికి కేటాయించేవాళ్లు. జీతం లేదు. లింకు పెట్టే హక్కు మీకెంత ఉందో, తీసే హక్కు వాళ్లకూ అంతే ఉంది. కొత్తవాళ్లు బయటి లింకు పెడితే భద్రపరిచే ముందు క్యాప్చా అడుగుతుంది, గమనించే ఉంటారు. ఆ అడ్డు పెట్టింది కూడా ఇలాంటి లింకులు వరదలా వచ్చిపడుతున్నాయనే.

మా సైట్‌లో ఆ ఊరి గురించి మంచి సమాచారం ఉంది. అది చదివేవాళ్లకి ఉపయోగమే కదా?

ఉపయోగమే కావచ్చు. కానీ లింకు నిలబడాలా వద్దా అని చూసేటప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఈ లింకు నొక్కినవాడికి ఆ స్థలం గురించి ఇంకాస్త తెలుస్తుందా, లేక టికెట్ కొనే పేజీ తెరుచుకుంటుందా?

ఒక సంగతి చెబుతాను. పాపికొండల వ్యాసం కింద ‘బయటి లింకులు’ విభాగంలో ఒక లింకు చూశాను. పేరు ‘పాపికొండల పూర్తి సమాచారం’ అని ఉంది. నొక్కితే పైన కొండల ఫొటో, దాని కింద నాలుగు లైన్లు. ఆ నాలుగు లైన్లూ మన వ్యాసంలోంచి ఎత్తినవే, అచ్చుతప్పుతో సహా. వాటి కింద ఒక రోజు ప్యాకేజీ, రెండు రోజుల ప్యాకేజీ, పెద్దలకింత, పిల్లలకింత. ఇంకా కిందికి వెళ్తే వాట్సాప్ బొమ్మ. సమాచారం అన్నది ఆ నాలుగు లైన్లే, అదీ మన దగ్గరిదే.

అప్పటికి గోదావరిలో బోట్లు తిరగడం లేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పర్యాటకుల బోటు మునిగి పదుల మంది చనిపోయారు, ఆ తర్వాత షికారు బోట్లు చాలాకాలం ఆగిపోయాయి. ఆ పేజీలో మాత్రం బుకింగ్ తెరిచే ఉంది. వ్యాసం చదివిన ఏ కుటుంబమైనా ఆ లింకు నొక్కి అడ్వాన్సు కట్టి ఉంటే ఎవరిని అడగాలి? వికీపీడియాలో ఉంది కాబట్టి నిజమే అనుకున్నామంటారు. అందుకే లింకు తీయడం నాకు చిన్న పనిగా అనిపించదు. గోదావరికి వరద వచ్చిన ప్రతిసారీ బోట్లు ఆపేస్తారు. ధరలు, వేళలు, ఖాళీలు రోజూ మారే విషయాలు. వాటిని అప్పటికప్పుడు సరిచూసే మనిషి విజ్ఞాన సర్వస్వంలో లేడు.

అంటే వికీపీడియాలో టూరిజం గురించి రాయకూడదా?

నిక్షేపంగా రాయొచ్చు. ఊరికి ఏటా ఎందుకు జనం వస్తారు, రైలు మార్గం ఎప్పుడు పడింది, దగ్గరి స్టేషన్ ఏది, గుడి ఎవరు కట్టించారు, జాతర ఏ నెలలో జరుగుతుంది, ఇవన్నీ వ్యాసానికి కావలసినవే. వద్దన్నది ట్రావెల్ గైడు లాగా రాయడాన్ని. ఇంగ్లీషు వికీపీడియా పాలసీలో దీనికి పారిస్ ఉదాహరణ ఇస్తారు: ఐఫిల్ టవర్ గురించి, లూవ్ర్ మ్యూజియం గురించి రాయండి, మంచి హోటల్ ఫోన్ నంబరు, కాఫీ ధర రాయకండి అని. మనకైతే అరకు అనుకోండి. బొర్రా గుహలు, కాఫీ తోటలు, గిరిజనుల ధింసా నృత్యం వ్యాసంలో ఉండాలి. ఏ రిసార్టులో బాంబూ చికెన్ బాగుంటుందో అక్కర్లేదు.

పెద్ద కంపెనీల లింకులు ఉంచుతారు, మా చిన్నవాళ్లవే తీస్తారు. ఇదేం న్యాయం?

ఈ కోపం నాకు అర్థమవుతుంది, కొన్నిసార్లు నిజం కూడా. పెద్ద బుకింగ్ సైట్ల లింకులు పాత వ్యాసాల్లో ఎవరూ చూడక మిగిలిపోయి ఉంటాయి. కనిపిస్తే చర్చాపేజీలో రాయండి, లేదా మీరే తీసేయండి. ‘పక్క వ్యాసంలో ఉంది కాబట్టి ఇక్కడా పెట్టాను’ అనేది మాత్రం వాదనగా నిలబడదు. పక్క వ్యాసంలో చెత్త ఉంటే ఊడవాల్సింది ఆ వ్యాసాన్ని.

అయితే పెద్ద కంపెనీ లింకులా కనబడే కొన్ని నిజానికి అలాంటివి కావు. వ్యాసం పైన ఉన్న అక్షాంశ రేఖాంశాలు నొక్కితే నేరుగా గూగుల్ మ్యాప్స్‌కి పోదు. జియోహ్యాక్ అనే పేజీ తెరుచుకుంటుంది, అందులో రకరకాల మ్యాపులు వరుసగా ఉంటాయి, మీకు నచ్చింది ఎంచుకుంటారు. వికీపీడియా ఎవరి పక్షమూ తీసుకోలేదన్నమాట. అలాగే పత్రికల సైట్లలో ప్రకటనలు ఉంటాయి. ప్రకటన ఉన్నంత మాత్రాన అది వాణిజ్య లింకు కాదు. ఆ పేజీ ఉన్నది వార్త చెప్పడానికా, సరుకు అమ్మడానికా అన్నదే తేడా.

ప్రభుత్వ పర్యాటక సంస్థలు కూడా ప్యాకేజీలు అమ్ముతాయి. వాటిని ఎలా ఉంచుతున్నారు?

మంచి ప్రశ్న. దీనిమీద మా మధ్య కూడా ఏకాభిప్రాయం లేదు. ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ పర్యాటకాభివృద్ధి సంస్థలు హరిత హోటళ్లు నడుపుతాయి, బస్సు టూర్లు వేస్తాయి. ప్రభుత్వానిదైనా గది అద్దెకిస్తే అది వ్యాపారమే.

నేను పాటించే పద్ధతి చెబుతాను. ఆ సంస్థ మీద ఉన్న వ్యాసంలో దాని అధికారిక వెబ్‌సైట్ ఉండాలి, అందులో అనుమానం లేదు. బొర్రా గుహలను ఆంధ్రప్రదేశ్ సంస్థే నిర్వహిస్తుంది కాబట్టి, గుహల వివరాలు, సందర్శన వేళలు ఇచ్చే వాళ్ల పేజీ ఆ వ్యాసంలో ఉంచొచ్చు. అదే సంస్థ గది బుకింగ్ పేజీ మాత్రం తీసేస్తాను. జిల్లాలోని ప్రతి గుడి వ్యాసంలోనూ సంస్థ ముఖపేజీ లింకు అతికించినా తీసేస్తాను, సర్కారువారిదైనా సరే. రామప్ప గుడి వ్యాసంలో యునెస్కో వారి పేజీ ఉండాలి, ఎందుకంటే 2021 జులైలో ప్రపంచ వారసత్వ హోదా ఎందుకిచ్చారో అక్కడ వివరంగా ఉంది. చదివేవాడికి అక్కడ దొరికేది మన వ్యాసంలో లేదు.

వ్యాసం మొదట్లో వివరాలు చూపే సమాచారపెట్టెలో ‘వెబ్‌సైట్’ అనే చోట వేరేవాళ్ల లింకు కనబడింది. అది అంత ప్రమాదమా?

అన్నిటికంటే ప్రమాదం అదే. కింద బయటి లింకుల్లో పెట్టినది ప్రచారమని చాలామంది గుర్తుపడతారు. పైన పెట్టెలో, గుడి బొమ్మ కింద ‘వెబ్‌సైట్’ అని ఉంటే దేవస్థానం వారిదే అనుకుంటారు. తిరుమల దర్శనం, గదులు, సేవల పేరిట నకిలీ సైట్లు నడుస్తున్నాయని టీటీడీ ఎన్నోసార్లు హెచ్చరించింది, ఫిర్యాదులు చేసింది. 300 రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్ కోసం నెలల ముందు నుంచి కాచుకునే భక్తులకి ఇలాంటి చోట తప్పు లింకు దొరికితే పోయేది డబ్బే కాదు, ఆధార్ వివరాలు కూడా.

దీనికి తోడు అసలు చిరునామాలే మారుతుంటాయి. 2024 జనవరిలో టీటీడీ తన వెబ్‌సైట్ చిరునామా మార్చింది. అలా మారినప్పుడల్లా పాత లింకులు చాలా వ్యాసాల్లో అలాగే ఉండిపోతాయి. ఆ సందులో ఎవరో ‘సరైన లింకు ఇచ్చాను’ అంటూ తమది పెట్టే వీలుంటుంది. ప్రభుత్వ దేవస్థానమైతే చిరునామా చివర ‘గవ్ డాట్ ఇన్’ ఉందా అని చూడండి, ఆ పేరు ప్రైవేటువాళ్లకి ఇవ్వరు. అన్ని దేవస్థానాలకూ అలాంటి చిరునామా ఉండదు. లేనప్పుడు దేవాదాయ శాఖ పేజీ నుంచో, పత్రికా వార్త నుంచో సరిచూసుకోవాలి.

ఇంకో చిక్కు ఉంది. కొన్ని సమాచారపెట్టెల్లో వెబ్‌సైట్ మన వ్యాసంలో రాసి ఉండదు, అన్ని భాషల వికీలూ పంచుకునే సమాచార నిల్వ అయిన వికీడేటా నుంచి వస్తుంది. అక్కడ ఎవరైనా మారిస్తే మన పేజీ చరిత్రలో ఆ మార్పు కనబడదు, వ్యాసంలో మాత్రం కొత్త లింకు వచ్చి కూర్చుంటుంది. వీక్షణ జాబితా (మీరు కన్నేసి ఉంచిన పేజీల జాబితా) అభిరుచుల్లో, అంటే సెట్టింగుల్లో, వికీడేటా మార్పులు కూడా చూపించమని పెట్టుకోండి. నేను ఆ టిక్కు పెట్టుకోక ముందు ఒక గుడి పెట్టెలో ట్రావెల్స్ లింకు ఎలా వచ్చిందో అర్థంకాక ఒక సాయంత్రమంతా పేజీ చరిత్ర తిరగేశాను.

బయటి లింకుగా కాకుండా మూలంగా ఇస్తే ఉంచుతారా?

ఏ వాక్యానికి మూలమో చూడాలి. ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇప్పుడు ఎక్కువ గొడవలు ఇక్కడే.

ఒక పద్ధతి ఇలా ఉంటుంది. వ్యాసంలో పాత పత్రిక లింకు పనిచేయడం ఆగిపోతుంది. కొత్త వాడుకరి వచ్చి ఆ మూలం తీసేసి తన సైట్ లింకు పెడతాడు. సారాంశంలో ‘పనిచేయని లింకు సరిచేశాను’ అని రాస్తాడు. పైపైన చూస్తే మంచి దిద్దుబాటే. తేడా చూపించే పేజీ తెరిస్తే తెలుస్తుంది: ఎడమవైపు పత్రిక పేరు, తేదీ, శీర్షిక. కుడివైపు ట్యాక్సీ అద్దెకిచ్చే సైట్. వాక్యం మాత్రం మారలేదు. ఆ వాక్యం ఆలయ శాసనం గురించి. ట్యాక్సీ సైట్‌కి శాసనం సంగతి ఎలా తెలుసు?

పనిచేయని లింకుకి సరైన మందు, పాత వెబ్ పేజీల ప్రతులు దాచే ఇంటర్నెట్ ఆర్కైవ్. పాత పేజీ ప్రతి అక్కడ దొరికితే ఆ చిరునామా మూలానికి జోడించండి. దొరక్కపోయినా పత్రిక పేరు, తేదీ ఉంటే మూలం చెల్లుతుంది, లైబ్రరీలో అచ్చు ప్రతి ఉంటుంది కదా. పాత సైట్ గడువు తీరి, డొమైన్ పేరు వేరేవాళ్లు కొనుక్కుని అదే చిరునామాలో హోటల్ బుకింగ్ మొదలుపెట్టడం కూడా జరుగుతుంది. అప్పుడు లింకు పనిచేస్తూనే ఉంటుంది, లోపల సరుకే మారిపోతుంది. మూలం వివరాలు నింపే మూసలో ఆ చిరునామా వేరేవాళ్ల చేతికి పోయిందని గుర్తుపెట్టే ఏర్పాటు ఉంది. అలా గుర్తుపెడితే చదివేవాళ్లకి ఆర్కైవ్ ప్రతి ఒక్కటే కనబడుతుంది.

రెండో పద్ధతి ఇంకా చిక్కైనది. ట్రావెల్ సైట్ వికీపీడియాలోంచి ఒక మాట ఎత్తి రాసుకుంటుంది. ఏడాది తర్వాత మనవాళ్లెవరో అదే మాటకి ఆ సైట్‌ని మూలంగా ఇస్తారు. మనం మొదట రాసిన తప్పుకి మనమే సాక్ష్యం తెచ్చుకున్నట్టు. గుళ్ల విషయంలో ఇది మరీ ఎక్కువ. ‘వెయ్యేళ్ల నాటి ఆలయం’ అని ఎవరో ఊహించి రాస్తే, ఆ వెయ్యేళ్లు పది సైట్లు తిరిగి మళ్లీ మన వ్యాసానికే మూలమై వస్తాయి. రామప్ప గుడిని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడని చెప్పడానికి అక్కడి శాసనమే ఉంది. పురావస్తు శాఖ ప్రచురణలు, శాసన సంపుటాలు, జిల్లా గెజెటీర్లు, జనగణన పుస్తకాలు వెతకండి. కష్టమే, కానీ ఊరి చరిత్ర అక్కడుంది.

ఒక ట్రావెల్ కంపెనీ సొంత చరిత్రకి దాని సైట్ మూలం కావచ్చు. ఊరి చరిత్రకి కాదు.

వికీపీడియాలో లింకు ఉంటే గూగుల్‌లో మా సైట్ పైకి వస్తుందని చెప్పారు. నిజమా?

ఆ ఆశ పెట్టుకోకండి. వికీపీడియాలోని బయటి లింకులన్నిటికీ ‘నోఫాలో’ అనే గుర్తు ఉంటుంది. ఈ లింకుని చూసి ఆ సైట్‌కి మార్కులు వేయొద్దని వెతుకుడు యంత్రాలకు చెప్పే గుర్తు అది. గూగుల్ 2005లో తెచ్చింది, ఇంగ్లీషు వికీపీడియాలో 2007 జనవరి నుంచి అమల్లో ఉంది. 2019 నుంచి గూగుల్ దాన్ని ఆజ్ఞగా కాక సూచనగా తీసుకుంటోంది, అయినా వికీపీడియా లింకు పేరు చెప్పి మీ దగ్గర డబ్బు తీసుకునేవాళ్లు చెప్పేదంతా నమ్మొద్దు.

ఒకాయన ఫోన్ చేసి, డబ్బిస్తే మా రిసార్టు పేరు వ్యాసంలో పెట్టించి కాపాడతానన్నాడు. ఒప్పుకోవచ్చా?

వద్దు. వికీపీడియాను నడిపే వికీమీడియా సంస్థ వాడుక నియమాల ప్రకారం 2014 జూన్ నుంచి, డబ్బు తీసుకుని దిద్దేవాళ్లు ఎవరి తరఫున దిద్దుతున్నారో బయటికి చెప్పాలి. మీకు ఫోన్ చేసినాయన చెప్పడు. 2015లో ఇంగ్లీషు వికీపీడియాలో ‘ఆరంజ్‌మూడీ’ పేరుతో పిలిచిన వ్యవహారం బయటపడింది. ఒకే ముఠా నడిపిన 381 ఖాతాలను నిరోధించారు. తిరస్కరించిన చిత్తుప్రతులు పట్టుకుని, ఆ వ్యాపారులనే సంప్రదించి, డబ్బిస్తే పేజీ వస్తుంది, నెలనెలా ఇస్తే నిలబడుతుంది అని బేరమాడారు. మోసపోయినవాళ్లలో చిన్న వ్యాపారులే ఎక్కువ. వికీపీడియాలో ఏ పేజీనీ కాపాడతానని ఎవరూ హామీ ఇవ్వలేరు. నిర్వాహకులు కూడా ఇవ్వలేరు.

రెండుసార్లు తీశారు, రెండుసార్లు పెట్టాను. ఇంకోసారి పెడితే?

ఆగండి. చర్చాపేజీకి వెళ్లండి. ఇంగ్లీషు వికీపీడియాలో ఒకే పేజీలో 24 గంటల్లో మూడుసార్లకి మించి ఇతరుల మార్పుల్ని వెనక్కి తిప్పితే నిరోధించవచ్చన్న నియమం ఉంది. ఎక్కడైనా సరే, పట్టుదలకి పోతే ఖాతాకి నిరోధం తప్పదు. వేరే పేరుతో ఖాతా తెరిచి పెట్టడం ఇంకా చెడ్డ పని. ఇది ముదిరితే సైట్ చిరునామానే నిషేధిత జాబితాలో చేరుతుంది. అప్పుడు ఆ లింకును కొత్తగా చేర్చే దిద్దుబాటు భద్రపడదు. అన్ని వికీల ఉమ్మడి వ్యవహారాలు చూసే మెటా వికీలోని జాబితాలోకి ఎక్కితే అన్ని భాషల వికీల్లోనూ అదే పరిస్థితి. రేపు మీ సైట్‌లో నిజంగా పనికొచ్చే వ్యాసం వచ్చినా మూలంగా ఇవ్వడం కుదరదు.

మరి ప్రయాణ సమాచారం రాసుకునే చోటే లేదా?

ఉంది, వికీవాయేజ్. ఇది వికీపీడియాకి సోదర ప్రాజెక్టు, ట్రావెల్ గైడు రాయడానికే పుట్టింది. హోటళ్లు, బస్సులు, భోజనం, ధరలు అన్నీ రాయొచ్చు. అక్కడ కూడా హోటల్ సొంత వెబ్‌సైట్ లింకే ఇస్తారు, మధ్యలో కమిషన్ తీసుకునే బుకింగ్ సైట్ల లింకులు తీసేస్తారు. హిందీలో, బెంగాలీలో వికీవాయేజ్ ఉంది. తెలుగుకు ఇంకా రాలేదు, రావాలని నా కోరిక.

ఆ ప్రాజెక్టు పుట్టుక వెనక కూడా వాణిజ్యంతో పెద్ద పేచీ ఉంది. 2003లో వికీట్రావెల్ అనే స్వేచ్ఛా గైడు మొదలైంది, ప్రపంచమంతటి నుంచి స్వచ్ఛందంగా రాశారు. 2006లో ఇంటర్నెట్ బ్రాండ్స్ అనే అమెరికా కంపెనీ దాన్ని కొనేసింది. అది నచ్చని జర్మన్ సభ్యులు అదే ఏడాది డిసెంబరులో విడిపోయి వికీవాయేజ్ పెట్టుకున్నారు, తర్వాత ఇటాలియన్ వాళ్లూ కలిశారు. ప్రకటనలు, పట్టించుకోని సాఫ్ట్‌వేర్ చూసి విసిగిన మిగతా సభ్యులు చాలామంది 2012లో వికీమీడియా వైపు వచ్చేశారు. కంపెనీ ఇద్దరు స్వచ్ఛంద సభ్యుల మీద అమెరికా కోర్టులో దావా వేసింది. వికీమీడియా ఫౌండేషన్ వాళ్ల పక్షాన నిలబడింది. 2013 జనవరి 15న వికీవాయేజ్ వికీమీడియా ప్రాజెక్టుగా మొదలైంది, ఫిబ్రవరిలో కేసు రాజీ అయింది. రాసినదంతా ఎవరైనా తిరిగి వాడుకోగల స్వేచ్ఛా లైసెన్సులో ఉంది కాబట్టి సభ్యులు దాన్ని తమతో తీసుకుపోగలిగారు. సైట్ పేరు కంపెనీకి మిగిలింది. వాణిజ్య లింకుల విషయంలో మేం ఎందుకింత పట్టుబడతామో అడిగినవాళ్లకి నేను ఈ కథే చెబుతాను.

నేను లింకులు తీసే పక్షం. ఎలా తీస్తే గొడవ పెరగదు?

ముందు లింకు తెరిచి చూడండి. చూడకుండా తీస్తున్నవాళ్లు మనలో ఉన్నారు, అది తప్పు. సారాంశంలో ‘స్పామ్’ అన్న ఒక్క మాట రాసి వదిలేయకండి. హోమ్‌స్టే పెట్టుకుని మొదటిసారి వికీకి వచ్చిన మనిషికి అది తిట్టులాగే తగులుతుంది. ‘ఇది బుకింగ్ పేజీ, ఆలయం గురించి వివరాలు లేవు’ అని రాయండి. వాడుకరి చర్చాపేజీలో స్వాగతం పలికి, తర్వాత కారణం చెప్పండి. అదే సైట్ ఇంకెన్ని వ్యాసాల్లో ఉందో ప్రత్యేక పేజీల్లో వెతకొచ్చు. ముప్పై చోట్ల ఉంటే అది అమాయకత్వం కాదు, వాడుకరులంతా చర్చించుకునే రచ్చబండ పేజీలో పెట్టండి.

నాది ట్రావెల్స్ వ్యాపారమే. వికీపీడియాకి నేను పనికిరానా?

మీలాంటివాళ్లే కావాలి. కొండమీద ఏ దారి వర్షంలో కొట్టుకుపోయిందో, ఏ మండపం కూలిందో మీకు ముందు తెలుస్తుంది. వ్యాసాల్లో సగానికి ఫొటోలు లేవు. మీ ఫోన్లో వందల ఫొటోలున్నాయి. కంపెనీ ముద్ర లేకుండా, స్వేచ్ఛా లైసెన్సుతో, వికీలన్నిటి ఉమ్మడి ఫొటోల నిల్వ అయిన కామన్స్‌లో ఎక్కించండి. మీకు సంబంధమున్న వ్యాపారం మీది వ్యాసాన్ని మార్చాలంటే, మీ సంబంధం చెప్పి చర్చాపేజీలో అడగండి.

ఒక గైడు లింకు నేనే రెండుసార్లు తీశాను. ఆయన చర్చాపేజీలో బాగా కోప్పడ్డారు. ‘అన్నా, మీరు ఎప్పుడైనా ఆ కోట ఎక్కారా?’ అని అడిగారు. ఎక్కలేదని ఒప్పుకున్నాను. మీరు రోజూ ఎక్కుతారు కదా, ఉత్తరపు ద్వారం ఫొటో ఒకటి కూడా వ్యాసంలో లేదు, ఇస్తారా అని అడిగాను. వారం దాకా జవాబు లేదు. తర్వాత ఒకేసారి పద్నాలుగు ఫొటోలు ఎక్కించారు. అందులో ఒకటి తలుపు పక్కన సున్నం కింద దాగిన శాసనం, దగ్గర నుంచి, పొద్దుటి ఎండ ఏటవాలుగా పడి అక్షరాలు తేలేలా తీసింది. ఇప్పుడు వ్యాసంలో పైనున్నది ఆ బొమ్మే.